జీబ్రా గీతల పక్కన ఆ పది మీటర్లు ఖాళీగా వదలండి

పోయిన వారం సాయంత్రం, బడి వదిలే టైంకి, మా పాప చదివే బడి ముందు జీబ్రా క్రాసింగ్ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నా. చూసినవాళ్లు ఏదో పడిపోతే వెతుక్కుంటున్నా అనుకున్నారు. రెండో తరగతి పిల్ల కళ్లు ఉండే ఎత్తు నుంచి ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని కూర్చున్నా. రోడ్డు కనిపించలేదు. కుడిచేతి వైపు, అంటే బండ్లు వచ్చే వైపు, ఒక ట్రాలీ ఆటో వెనక తలుపు, దాని మీద సగం చెరిగిపోయిన నంబరు, కింద బురద గట్టిపడిన మడ్‌గార్డు, అంతే. దాని అవతల ఏదో బండి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది కానీ అది బైకో, లారీనో, ఎంత దూరంలో ఉందో అర్థం కాదు. తెలియాలంటే ట్రాలీ అంచు దాటి రెండడుగులు ముందుకేసి తల బయట పెట్టాలి. పిల్లలు రోజూ చేస్తున్నది అదే.

రెండు నెలల కింద అదే చోట ఒక బాబు అలాగే తల బయట పెట్టాడు. బైకు బ్రేకు పడింది, టైరు జారింది, నడిపే అబ్బాయి మోకాలు గీరుకుపోయింది, బాబుకి ఏం కాలేదు. టిఫిన్ డబ్బా మూత ఊడి నిమ్మకాయ పులిహోర రోడ్డంతా పడింది. చుట్టూ చేరిన పెద్దలందరం ముందు ఆ బాబునే అరిచాం, "చూసుకుని దాటాలని తెల్వదా?" అని. తర్వాత బైకు అబ్బాయిని అరిచాం. డబ్బా ఏరి బాబు చేతికిచ్చింది ట్రాలీ డ్రైవరే, పాపం మంచోడు, ఆయన బండి అక్కడ ఉండడం వల్లే ఇదంతా జరిగిందని ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు. నాకు ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. చూసుకుని దాటమంటున్నాం సరే, వాడు దేన్ని చూడాలి?

నల్గొండలో రోడ్డు భద్రత మాట వస్తే మనకు రెండే గుర్తొస్తాయి, స్పీడ్ బ్రేకర్ వేయండి, పోలీసును నిలబెట్టండి. బడి దగ్గర ఏదైనా జరిగితే మర్నాడు తల్లిదండ్రులు అడిగేదీ, నాయకులు ఒప్పుకునేదీ ఈ రెండే. స్పీడ్ బ్రేకర్ వద్దనను, కావాలి. కానీ బ్రేకర్ మీద నెమ్మదించి మళ్లీ యాక్సిలరేటర్ తిప్పే చోటే గీతలు ఉంటే, పక్కన బండి అడ్డంగా ఉంటే, బ్రేకర్ ఉన్నా పిల్ల కనిపించదు. ముందు ఒకరికొకరు కనిపించాలి. అందుకే పార్కింగ్ సంగతి మాట్లాడాలంటున్నా.

ఒక చిన్న లెక్క చెప్తా, కాగితం మీద గీసుకుని చూస్తే ఎవరికైనా వస్తుంది. పిల్ల రోడ్డు అంచు దాటి అర మీటరు రోడ్డు మీదకు వచ్చి నిలబడింది అనుకోండి. ఆగిన బండి రోడ్డు అంచు నుంచి మీటరున్నర మేర ఆక్రమించింది. వచ్చే బండి అంచుకు మూడు మీటర్ల దూరంలో వస్తోంది. పిల్ల నుంచి ఆగిన బండి మూల మీదుగా ఒక గీత గీస్తే, ఆ గీత వచ్చే బండిని ఎక్కడ కలుస్తుందో అక్కడి నుంచే డ్రైవరుకు పిల్ల కనిపిస్తుంది. ఆగిన బండి క్రాసింగ్‌కి ఎంత దూరంలో ఉంటే, దానికి రెండున్నర రెట్ల దూరం నుంచి పిల్ల కనిపిస్తుంది. బండి గీతలకు రెండు మీటర్లలో ఉంటే పిల్ల కనిపించేది అయిదు మీటర్ల ముందు. పది మీటర్లు వెనక్కి జరిగితే ఇరవై అయిదు మీటర్ల ముందు.

ఇప్పుడు బ్రేకు లెక్క. గంటకు 40 కిలోమీటర్లంటే మన ఊళ్లో ఎవరూ దాన్ని స్పీడు అనుకోరు. ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. చూసి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీద పడడానికి ఎంత చురుకైన వాడికైనా ఇంచుమించు ఒక సెకను పడుతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి ఇంకో తొమ్మిది మీటర్లు. మొత్తం ఇరవై. అయిదు మీటర్ల ముందు కనిపించిన పిల్లను ఇరవై మీటర్లకు ఆగే బండి ఏం చేస్తుంది? ఆ బైకు అబ్బాయిని మేం అరిచినప్పుడు ఈ లెక్క నాకు తెలిసి ఉంటే అరిచేవాణ్ని కాదు. వాన పడితే, బ్రేకులు అరిగితే, వెనక ఇద్దరు కూర్చుంటే దూరం ఇంకా పెరుగుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా 2023లో చట్టం చేసి క్రాసింగ్‌కి ముందు 20 అడుగుల లోపు బండి ఆపకూడదంది, 2025 నుంచి దానికి జరిమానాలు మొదలయ్యాయి. జపాన్‌లో క్రాసింగ్‌కి అటూ ఇటూ అయిదు మీటర్ల లోపు బండి ఆపడమే తప్పు. న్యూజెర్సీలో హొబోకెన్ అనే చిన్న ఊరు మూలల దగ్గర పార్కింగ్ తీసేసి అక్కడ పూలతొట్లు, సైకిల్ స్టాండ్లు పెడుతూ వచ్చింది, వేగాలూ తగ్గించింది. 2017 జనవరి తర్వాత ఏళ్ల తరబడి ఆ ఊరి వీధుల్లో ఒక్క రోడ్డు చావు కూడా లేదు. ఒక్క పార్కింగ్ వల్లే అని నేననను, కానీ అందులో దాని పాలు ఉంది. మనకు 20 అడుగులు చాలవు. అంటే ఆరు మీటర్లు, పై లెక్కలో పదిహేను మీటర్ల చూపు, అది 30 కిలోమీటర్ల వేగంలో వచ్చేవాడికి సరిపోతుంది. నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కూర్చుని చెప్పినా మన రోడ్డు మీద 30 నడిచే రోజు ఇంకా రాలేదు కాబట్టి పది మీటర్లు అడుగుతున్నా. పైగా మన దగ్గర రాంగ్ రూట్ ఉంది. బండ్లు ఎటు నుంచి రావాలో అటు నుంచే వస్తే గీతలకు ఒక పక్క ఖాళీ చేస్తే చాలు. ఎదురు వచ్చేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు రెండు పక్కలా ఖాళీ చేయాల్సిందే. రోడ్డుకు రెండు వైపులా, గీతలకు అటూ ఇటూ, నాలుగు ముక్కలు. ముక్కకు రెండు కార్లు పడతాయి, మొత్తం ఎనిమిది కార్ల చోటు. మనం పోట్లాడుతున్నది అంత చోటు గురించే.

చట్టం కావాలా అంటే చట్టం ఎప్పటినుంచో ఉంది. బడి గేటు, ఆస్పత్రి గేటు, బస్ స్టాప్ దగ్గర బండి పెట్టి పోకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి, వాటి ప్రకారం కూడా ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ మీద పార్కింగ్ కుదరదు. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ కింద ఎక్కడ బండి ఆపవచ్చో, ఎంతసేపు ఆపవచ్చో ప్రభుత్వం స్థానిక సంస్థతో మాట్లాడి నిర్ణయించవచ్చు. 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి వదిలేయడం నేరం. ఇన్ని ఉన్నా గేటు ముందు మాత్రం తుప్పు పట్టిన ఒక నో పార్కింగ్ బోర్డు, దాని కిందే నాలుగు బండ్లు. ఆ బోర్డు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ టైంలో అనేది చెప్పదు. పన్నెండు నెలలూ ఇరవై నాలుగు గంటలూ వద్దంటే ఎవడూ వినడు, రాత్రి పదింటికి అక్కడ బండి పెడితే ఎవరికీ నష్టం లేదు కదా. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం మూడున్నర నుంచి అయిదు, ఈ గీత నుంచి ఈ గీత దాకా అని రాస్తే వినేవాళ్లు చాలామంది ఉంటారు.

చలాన్ల మీద నాకు పెద్ద ఆశ లేదు. ట్రాఫిక్ కానిస్టేబుళ్లు గడియారం సెంటర్లోనే సరిపోవడం లేదు, ప్రకాశం బజార్‌లో సాయంత్రం నడవడానికే చోటుండదు, ప్రతి బడి దగ్గర రెండు పూటలా ఒకరిని నిలబెట్టడం జరిగే పని కాదు. ఒక వారం నిలబెడతారు, ఎనిమిదో రోజు ఎవరో మంత్రి వస్తే బందోబస్తుకు పోతాడు. మనిషి లేకున్నా పనిచేసేది ఏదైనా రోడ్డు మీద ఉండాలి. ఆ పది మీటర్ల మేర ఫుట్‌పాత్‌ను కొంచెం ముందుకు పెంచితే బండి పెట్టడానికి చోటే ఉండదు, పిల్లలు దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. అది ఖర్చు అనుకుంటే గుద్దితే వంగి మళ్లీ లేచే ప్లాస్టిక్ గుంజలు పాతండి. మా గల్లీలో ఒకాయన పొలాల చుట్టూ పాతే రాతి కడీలు తెచ్చి పాతేద్దాం అన్నాడు. ఆయన మనసు మంచిదే కానీ చీకట్లో బైకు వాటికి తగిలితే మనిషి పోతాడు, ఆ పని వద్దు.

ఇక అసలు కష్టం మనుషులతో. ఈ విషయం కదిలించగానే ముందు ఆటోవాళ్ల మీదకు, తర్వాత మిర్చి బండి మీదకు పోతారు. ఆ బడి పిల్లల్లో సగం మంది వచ్చేది ఆ ఆటోల్లోనే. ఎండలో పిల్లల కోసం ఎదురుచూసేవాణ్ని పొమ్మంటే ఎటు పోతాడు? చోటు చూపించి పొమ్మనాలి. క్రాసింగ్ దాటిన తర్వాత యాభై అడుగుల్లో పక్క గల్లీ ఉంది, అక్కడ ఆటో స్టాండ్ అని గీసివ్వండి, వేపచెట్టు నీడ కూడా ఉంది. బడి లోపల గ్రౌండ్ ఉన్నచోట గేటు తీసి ఆటోలను లోపలికే రానివ్వండి. మిర్చి బండిని జరపాలన్నా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, వేరే చోటు చూపించి జరపాలి, మూకుడు ఎత్తి పారేసి కాదు.

ఆ సాయంత్రం నేను లేచి నిలబడి గీతల పక్కన ఉన్నవాటిని చూస్తే, ట్రాలీ ఒక్కటి పక్కన పెడితే మిగిలినవన్నీ పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన అమ్మానాన్నల బండ్లే. నా స్కూటీ కూడా అందులోనే ఉంది, గీతలకు మూడడుగుల్లో. మన పిల్ల ఎండలో నాలుగడుగులు ఎక్కువ నడవకూడదని గేటుకు ఆనించి బండి పెడతాం, ఆ బండి చాటు నుంచి ఇంకొకరి పిల్ల రోడ్డు మీదకు వస్తుంది. వాళ్ల బండి చాటు నుంచి మన పిల్ల వస్తుంది. ఒక తండ్రిని కొంచెం వెనక్కి పెట్టమని అడిగితే "రెండు నిమిషాలే అన్నా, గిప్పుడే తీస్త" అన్నాడు. నిజంగానే రెండు నిమిషాల్లో తీశాడు. ఆ చోటులోకి ఇంకో రెండు నిమిషాల ఆయన వచ్చాడు. బడి వదిలే పావుగంట ఇలా రెండేసి నిమిషాలతో నిండిపోతుంది.

దుకాణాల వాళ్ల భయం వేరు. బండి పెట్టనివ్వకపోతే గిరాకీ పోతుందని. గీతల పక్కనే జిరాక్స్ షాపు ఉన్నాయనతో అరగంట కూర్చుని మాట్లాడా. ఆయనకు గిరాకీ ఎక్కువ ఉండేది పదకొండు నుంచి మూడు దాకా, కలెక్టరేట్ పనుల మీద వచ్చేవాళ్లతో. బడి టైంలో తన షాపు ముందు ఉండే బండ్లలో ఒక్కటీ తన దగ్గరకు వచ్చినవాళ్లది కాదని ఆయనే లెక్కపెట్టి చెప్పాడు. ప్రతి దుకాణానికీ ఇదే లెక్క కుదరకపోవచ్చు, కిరాణా షాపుకు సరుకు ట్రాలీ పొద్దున్నే వస్తుంది. దాన్ని ఏడున్నరకు రమ్మనాలి, లేదా పది దాటాక. అది అడిగి ఒప్పించాల్సిన విషయం, బోర్డు పాతి వదిలేసేది కాదు.

దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచేవాళ్లే. బైకు మీద పోయేవాడికి హెల్మెట్ ఉంది, కారులో వాడికి బెల్టు ఉంది. నడిచేవాడికి రోడ్డు ఒక్కటే దిక్కు, దాన్ని సరిచేయడం తప్ప వాడి ఒంటి మీద తొడిగేది ఏమీ లేదు. అందులోనూ చిన్నపిల్లలకు వచ్చే బండి వేగం అంచనా వేయడం రాదు, ఎంత నేర్పినా కొంత వయసు వచ్చేదాకా రాదు.

పెద్ద మార్పు అనుకుంటే ముందు ఒక నెల చేసి చూడండి. ప్రజల భద్రత కోసం ఒక రోడ్డు మీద బండ్ల రాకపోకలకు నెల లోపు ఆంక్ష పెట్టాలంటే గెజిట్‌లో వేయాల్సిన పని లేదని, స్థానికంగా చాటింపు చేస్తే చాలని మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లోనే ఉంది. బడి టైంలో లారీలను, ట్రాలీలను ఆ ముక్క మీదకు రానివ్వకుండా దాంతో ఆపండి, పార్కింగ్‌ను 117తో సరిచేయండి, సున్నంతో గీతలు గీసి నాలుగు ఇసుక డబ్బాలు పెట్టండి. నెల తర్వాత దుకాణదారుల్ని, ఆటోవాళ్లని, హెడ్మాస్టర్‌ని కూర్చోబెట్టి అడగండి. కుదరనిది మార్చండి. చిన్న తరగతుల్ని పది నిమిషాలు ముందు వదలడం బడి చేతిలో పని, దానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు.

సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి అర్జీ రాశాం. రోడ్డు బొమ్మ, పది మీటర్ల కొలతలు, పక్క గల్లీలో ఆటో స్టాండ్ చోటు, అన్నీ ఒక పేజీలో వేశాం. ఇరవై కాపీలు తీసి డబ్బులివ్వబోతే జిరాక్స్ షాపాయన తీసుకోలేదు, పెన్ను అడిగి రెండో సంతకం ఆయనే పెట్టాడు. మూడోది ఆ ట్రాలీ డ్రైవరుది.