చమురు కజకిస్తాన్‌ది, కుళాయి రష్యాది

2022 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆర్థిక సదస్సులో పుతిన్ పక్కనే కూర్చుని కజకిస్తాన్ అధ్యక్షుడు టొకాయెవ్ మొహమాటం లేకుండా చెప్పేశారు, ఉక్రెయిన్ నుంచి విడగొట్టి రష్యా దేశాలుగా గుర్తించిన దొనెత్స్క్, లుహాన్స్క్‌లను తాము గుర్తించబోమని. మూడు వారాలైనా గడవకముందే, రష్యా రేవు పట్టణం నోవొరొస్సీస్క్‌లో ఒక కోర్టు, కజకిస్తాన్ చమురును ఆ రేవుకు చేర్చే కాస్పియన్ పైప్‌లైన్‌ను 30 రోజులు ఆపేయాలని ఆదేశించింది. చమురు సముద్రంలో ఒలికితే ఏం చేయాలో రాసిన కాగితాల్లో లోపాలున్నాయట! కజకిస్తాన్ ఎగుమతి చేసే చమురులో దాదాపు 80 శాతం ఆ గొట్టంలోంచే వెళ్తుంది. వారం తిరక్కుండానే పై కోర్టు ఆ ఆదేశాన్ని 2 లక్షల రూబుళ్ల జరిమానాగా మార్చింది. ఆ మాటకూ ఈ తీర్పుకూ లంకె ఉందనడానికి రుజువేమీ లేదు. అయినా టొకాయెవ్ వెంటనే వేరే దారులు చూడమని అధికారులను పురమాయించారు.

సోవియట్ యూనియన్ నుంచి విడివడిన దేశాల ప్రస్తావన వస్తే, రష్యా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ వంటి దేశాల ఉమ్మడి మార్కెట్ అయిన యురేషియా ఆర్థిక కూటమిలో చేరడమే లొంగుబాటు అంటారు కొందరు. చేరక గత్యంతరమేముందంటారు మరికొందరు. నాకు రెండూ దారి తప్పిన వాదనలే. ఆ ఆలోచనను 1994లో మాస్కోలో బయటపెట్టింది కజకిస్తాన్ అప్పటి అధ్యక్షుడు నజర్బాయెవే. తేల్చుకోవలసింది, సంతకం పెట్టాక సరుకు బయటికి పోవడానికి రెండో దారి మిగిలిందా లేదా అన్నది.

హైదరాబాద్ వాళ్లకు ఇది అర్థం కాని విషయం కాదు. నిజాం సంస్థానానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం, సొంత రైల్వే, సొంత తపాలా ఉండేవి. లేనిదల్లా సముద్రమే. గోవాలోని మార్మగోవా రేవు మీద ఆశపడి పోర్చుగీసు వారితో మంతనాలు సాగించిందీ అందుకే. 1948లో చుట్టూ సరుకు రవాణా బిగుసుకునేసరికి సిక్కా మీది పేరు గట్టెక్కించలేకపోయింది. (ఆ రాచరికాన్ని ఈ దేశాలతో సమానం చేయడం లేదు. రేవు లేని ఇబ్బంది వరకే పోలిక.)

కిర్గిజ్‌స్తాన్ వ్యవహారం ఇంకా చిక్కు. మన పిల్లలు వైద్యవిద్యకు వెళ్లే బిష్కెక్‌లో దోర్దోయ్ బజారు ఉంది. ఓడ కంటైనర్లను రెండంతస్తులుగా పేర్చి, కింది పెట్టెలో దుకాణం, పై పెట్టెలో గోదాము పెడతారు. తక్కువ సుంకంతో చైనా సరుకు తెచ్చి పొరుగు దేశాలకు అమ్మడమే ఒకప్పుడు దాని బతుకు. 2015లో కూటమిలో చేరాక ఉమ్మడి సుంకాలు వచ్చిపడి ఆ వ్యాపారం దెబ్బతింది. బదులుగా కిర్గిజ్ కూలీలకు రష్యాలో పర్మిట్ లేకుండా పనిచేసే హక్కు దక్కింది. కూటమిలో లేని తజికిస్తాన్ కూలీలు అదే పర్మిట్‌కు నెలనెలా రుసుము కడుతున్నారు. వలస కూలీలు పంపే డబ్బు కొన్నేళ్లలో జీడీపీలో నాలుగో వంతు దాటిన దేశానికి ఇది చిన్న లాభం కాదు. సార్వభౌమత్వం గంగలో కలిసిందని వ్యాసాలు రాసేవారి కంటే మాస్కో వీధుల్లో మంచు ఊడ్చే మనిషికే ఈ లెక్క బాగా తెలుసు.

ఇచ్చిన హక్కుకే కోత పెడితే? కూలీల కుటుంబ సభ్యులకు రష్యా ఆరోగ్య బీమా నిరాకరిస్తోందంటూ 2025లో కిర్గిజ్‌స్తాన్ కూటమి సొంత కోర్టులోనే దావా వేసింది. సదస్సుల్లో ధీరోదాత్త ప్రసంగాల కంటే నాకు ఈ దావాయే ముఖ్యంగా తోస్తుంది. పెద్ద పొరుగువాడితో తగాదాను ఫోన్ మంతనాలకు వదిలేస్తే చిన్న దేశం నెగ్గుకు రాలేదు. మిన్స్క్‌లోని ఆ కోర్టులో మాత్రం రష్యాకూ ఇద్దరే న్యాయమూర్తులు, కిర్గిజ్‌స్తాన్‌కూ ఇద్దరే.