ఆ ఉప్పు కాగితం పక్కన పెట్టు బావా

"పాత ఫిషింగ్ రాడ్‌ని గంటలో కొత్తదానిలా మార్చే ఏడు చిట్కాలు." ఈ వారంలో ఈ మెసేజ్ నాకు ఐదుగురు పంపారు. వాళ్లలో ఇద్దరు జన్మలో గాలం పట్టినోళ్లు కాదు. నిన్న మా బావ కూడా పంపి, కింద "నీ మస్కట్ రాడ్‌కి పనికొస్తుందిరా" అని రాశాడు. ఆ రాడ్ అక్కణ్నుంచి మోసుకొచ్చింది ఆయనే. కాస్తయినా జాలి ఉండొద్దా!

మొదటి చిట్కా: పాత రంగు, గీతలు పోయేదాకా 80 నంబరు ఉప్పు కాగితంతో, అంటే బాగా గరుకుదానితో, గట్టిగా రుద్దాలట. మిగతా ఆరూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

మన అటకల మీదున్న పాత రాడ్లు చాలావరకు ఫైబర్‌గ్లాస్‌వి. రాడ్ వంగినప్పుడు లాగుడు ఎక్కువగా పైపొర మీదే పడుతుంది. 80 నంబరు కాగితం రంగు దగ్గర ఆగదు, ఆ పొరలోని పీచుని కూడా తెంపేస్తుంది. గోడకి ఆనించి ఫొటో తీసుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. మా వైనతేయ గోదావరి పాయలో ఓ రెండు కిలోల పండుగప్ప చేప తగిలి లాగిందంటే, ఎక్కడ ఎక్కువ రుద్దారో సరిగ్గా అక్కడే టప్పుమంటుంది.

మా తాత వెదురు గెడ తెస్తే కణుపుల దగ్గర బొడిపెలు చెక్కేవాడు, సెగ చూపించి వంపు తీసేవాడు. పైతోలు జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు. వెదురు బలం ఆ తోలు దగ్గరే ఉంటుందని ఆయనకి వాట్సాప్ లేకుండానే తెలుసు.

సరే, రాడ్ పోతే పోయింది. ఆ పొడి మాటేమిటి? "ఫ్యాన్ కింద కూర్చుని రుద్దితే పొడి ఎగిరిపోతుంది" అని కూడా రాశాడు మహానుభావుడు. ఎగిరి ఎక్కడికి పోతుందండీ? మీ ముక్కులోకి, పక్కన ఆడుకుంటున్న పిల్లల కళ్లలోకి. అది గాజు! రెండేళ్ల క్రితం నేనే ఓ మూరెడు ముక్కని పొడిగా రుద్దాను, అరుగు మీద, లుంగీలో కూర్చుని. సాయంత్రానికి మోచేతుల దాకా కందిపోయి ఒకటే దురద. వేడినీళ్లు పోసుకుంటే ఇంకా మండింది. పైగా ఆ లుంగీని మిగతా బట్టలతో కలిపి నానబెట్టాను. మర్నాడు మా ఆవిడ జాకెట్టు వేసుకుని... ఆ తర్వాతి సంభాషణ ఇక్కడ రాయలేను.

మెరుపు తగ్గించాలంటే 600 నంబరు నున్నటి నీటి కాగితం, తడిపి, తేలిగ్గా. మాస్కు, పొడుగు చేతుల చొక్కా. అంతే.

రెండోది: రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టమన్నాడు. ఇదేమన్నా మాగాయ ముక్కా, నానబెట్టడానికి? గాలం దారం దూరే రింగుల్ని రాడ్‌కి కట్టి ఉంచే దారపు చుట్ల మీద వార్నిష్ ఉంటుంది, రంగుతో పాటు అదీ మెత్తబడి ఊడొస్తుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందట. తలకి రాసినా మెరుస్తుంది.

రింగులకి టూత్‌పేస్టు. అవి పళ్లు కావు. దానికన్నా రింగు లోపల కాస్త దూది తిప్పి చూడండి. పోగు ఎక్కడైనా చిక్కుకుందంటే అక్కడ చిన్న పగులుంది, రేపు మీ దారాన్ని కోసేది అదే. అలాంటి రింగుని మార్చాలి, తోమితే లాభం లేదు.

ఊడిన రింగుకి ఫెవిక్విక్. అది ఆరాక పెళుసు, రాడ్ వంగేది. మళ్లీ దారం చుట్టుకోవడమే దారి.

ఆరోది, రెండు ముక్కలు కలిసే జాయింటుకి కొవ్వొత్తి రుద్దమని. ఇక్కడ నవ్వబోయి ఆగాను. మూడేళ్లుగా మా ఇంట్లో ఆ రాడ్ విడదీయాలంటే నేనో వైపు, మా అబ్బాయో వైపు పట్టుకుని లాగాల్సిందే. వదులుగా పెడితేనేమో పై ముక్క ఎగిరి కాలవలో పడుతుంది. నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు వెలిగించిన కొవ్వొత్తి ముక్క తెచ్చి, లోపలికి దూరే కొస మీద నాలుగు గీతలు గీశాను. బిగువుగా కూర్చుంది. తీస్తే తేలిగ్గా వచ్చింది. ఇత్తడి జాయింటున్న వాటికి కాదు గానీ ఫైబర్ జాయింటుకి ఇది బ్రహ్మాండమైన చిట్కా. ఇన్నేళ్లూ నాకు తెలియలేదు, ఒప్పుకుంటున్నాను.

ఆఖరిది: వానాకాలం ఖాళీయే కాబట్టి వార్నిష్ ఇప్పుడే వేసుకోమన్నాడు. ఈ ముసురుకి మా డబ్బాలో అప్పడాలే మెత్తబడిపోతున్నాయి. ఇప్పుడు వేస్తే పాలు ఒలికినట్టు తెల్లగా మసకేసి కూర్చుంటుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక ఎలాగూ కాలవలు కట్టేస్తారు, గాలానికి పనుండదు, ఎండ బోలెడుంటుంది. అప్పుడు వేసుకోండి.

బావా, ఆ 80 నంబరు కాగితం ఇప్పటికే కొనేసి ఉంటే పారెయ్యకు. ఉప్పుగాలికి మీ గేటు తుప్పు పట్టి ఏడాదైంది, అక్క రోజూ చెబుతూనే ఉంది.