దెబ్బ తగిలిన చోటు వేరు, తప్పు పుట్టిన చోటు వేరు

శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను రంగు కాగులో ఉడికించి పైకి తీసినప్పుడు, తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రటి మరక తేలిందనుకుందాం. వారం పది రోజుల పని ఒక్క చూపుతో కుప్పకూలినట్టు ఉంటుంది. చూసేవాళ్లకు కాగులోనే ఏదో తేడా జరిగిందనిపిస్తుంది. మంట ఎక్కువైందంటారు, ఎరుపు రంగిచ్చే మంజిష్ఠ వేరు మంచిది కాదంటారు, గుడ్డను సరిగ్గా తిప్పలేదంటారు. పని తెలిసినవాళ్లు మాత్రం కాగు వైపు చూడరు. గుడ్డను ఏ నీళ్లలో కడిగారని అడుగుతారు.

కారణం ఇది. ముతక నూలు గుడ్డను రాత్రంతా నానబెట్టి గంజి వదిలించాక, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు కలం గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో 15 నుంచి 20 రోజులు ఊరితే వచ్చే కసిమి అనే ద్రవంతో గీత గీస్తే, ఆ ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లగా తేలుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. పూసేటప్పుడు కంటికి ఏ రంగూ కనబడదు. ఆరాక మిగులు పటికను పారే నీళ్లలో కడిగేయాలి. తొట్టిలో నిలవ నీళ్లతో కడిగితే గుడ్డను వదిలిన పటిక ఎక్కడికీ పోదు, అదే గుడ్డ మీద మరోచోట కూర్చుంటుంది. కాగులో ఉడికినప్పుడు, పటిక ఎక్కడుంటే అక్కడల్లా ఎరుపు పట్టుకుంటుంది. అంటే మరక కనిపించింది కాగులో, పుట్టింది తొట్టిలో. స్వర్ణముఖి నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉంటోంది కాబట్టి, పారే నీళ్లకు బదులు ఏం చేస్తున్నామన్నది ఈ పనిలో రంగుల ఎంపికంత పెద్ద ప్రశ్న. బోరు నీళ్లు వాడేవాళ్లు ఒకే తొట్టిలో జాడించకుండా, గుడ్డను పరిచి పై నుంచి నీళ్లు వదిలి, కిందికి పోయేలా చూసుకోవాలి.

కసిమి సంగతి ఇంకా కఠినం. ఊరడం చాలకపోతే నలుపు తేలదు, అది వెంటనే తెలిసిపోతుంది. ఘాటు మరీ ఎక్కువైతే ఆ రోజుకు నలుపు నిగనిగలాడుతుంది, కొన్నేళ్లకు ఆ గీత వెంబడే గుడ్డ చివికిపోతుంది. చేసినవాళ్ల కంటికి తప్పు ఎన్నటికీ కనబడకపోవచ్చు.

ఓటమి గురించి మన దగ్గర వినిపించే సలహా చాలామటుకు ఒకటే: పడితే లేవాలి, మళ్లీ ప్రయత్నించాలి. ఈ మాట తప్పని కాదు, సగమే. మరక పడ్డ గుడ్డను పక్కన పెట్టి, అదే తొట్టిలో అదే నీళ్లతో ఇంకో గుడ్డ కడిగితే మళ్లీ మరకే వస్తుంది. అది పట్టుదల అనిపించుకోదు. దెబ్బ తగిలిన చోటి నుంచి తప్పు పుట్టిన చోటికి వెనక్కి నడిచే ఓపికనే పట్టుదల అనాలి. ఆ నడక పూర్తయ్యేదాకా చేతిలో ఇంకో గుడ్డ మిగిలి ఉండేలా చూసుకోవడం కూడా అందులో భాగమే.

చిత్తూరు బెల్లం దీనికి ఇంకా పొడవైన ఉదాహరణ. టన్ను చెరకు ఆడితే సుమారు 100 కిలోల బెల్లం వస్తుంది. రసానికి సున్నపు తేట వేసి, బెండ మొక్కల జిగురుతో మడ్డి తేల్చి తీసేసి, పాకం 118 డిగ్రీల దాకా వచ్చాక దించుతారు. చన్నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా ఉండ కట్టాలి. ఇన్నీ సరిగ్గానే చేసినా ఒక్కోసారి బెల్లం గట్టిపడదు. అచ్చులోంచి తీస్తే జారిపోతుంది, నల్లబడుతుంది, నిలవ ఉంచితే నీరు కారుతుంది. మార్కెట్‌లో ధర తెగ్గోస్తారు. ఆ రోజు తిట్లన్నీ పెనం దగ్గర నిలబడ్డ మనిషికే.

కానీ పెనం దాకా వచ్చేసరికే చేయగలిగింది తక్కువ. చెరకుకు యూరియా మొదటి మూడు నెలల్లోనే ముగించకుండా, ఆకు పచ్చగా లేదని తర్వాత కూడా వేస్తే, గడ ఏపుగా పెరుగుతుంది, రసంలో తీపి తగ్గి బెల్లం మెత్తబడుతుంది. చౌడు నేలల్లో, ఉప్పు నీటి బోర్ల కింద కూడా ఇదే బాధ. ముదిరిన గడను కోయకుండా వదిలేసినా, గాలికి పడిపోయిన తోటను ఆలస్యంగా కొట్టినా, కొట్టిన చెరకును 24 గంటల్లో ఆడకపోయినా రసంలోని పంచదార విరిగిపోతుంది. విరిగిన పంచదార ఎంత కాచినా గడ్డకట్టదు. నెలల కిందట జరిగిన తప్పు ఈ రోజు పెనం మీద తేలుతుంది.

ఇక్కడే చాలామంది అడ్డదారి తొక్కుతారు. రంగు రాలేదని హైడ్రోస్ అనే, గంధకం ఉన్న తెల్లబరిచే పొడి చల్లుతారు. అప్పటికి బెల్లం పసుపచ్చగా మెరుస్తుంది, కొన్ని వారాల్లో మళ్లీ నల్లబడుతుంది. పైగా ఆహార నిబంధనలు బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్‌ను కిలోకు 70 మిల్లీగ్రాములకు మించనివ్వవు. దెబ్బ తగిలిన చోటే కట్టు కట్టి సరిపెట్టడం అంటే ఇదే. దానికి బదులు ఏ మడి చెరకు ఏ రోజు కొట్టారో, ఎప్పుడు ఆడారో, చివరి యూరియా ఎప్పుడు వేశారో గానుగ దగ్గర ఒక పుస్తకంలో రాసుకుంటే, రెండు సీజన్లలో కారణం దానంతటదే బయటపడుతుంది. తిరుపతి పక్కన పెరుమాళ్లపల్లెలో చెరకు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. నేల, నీటి పరీక్ష ఫలితాలతో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళితే అక్కడి శాస్త్రవేత్తలు చెప్పగలిగేది రెట్టింపవుతుంది. పుస్తకం లేకుండా వెళ్తే వాళ్లయినా ఊహే చెప్పాలి.

నెలలు పట్టకుండా పది గంటల్లోనే తప్పు తేలే పని ఒకటుంది, తిరుపతి టిఫిన్ బండి. బస్టాండు, రైల్వే స్టేషన్, అలిపిరి దారుల్లో తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలుగుతుంది. ఇడ్లీకి కిలో మినపగుండ్లకు రెండు, రెండున్నర కిలోల రవ్వ అన్నది అందరికీ తెలిసిన కొలతే. అదే కొలతతో మే నెలలో పిండి పులిసి పొంగిపోతుంది, డిసెంబరులో రాయిలా కూర్చుంటుంది. పిండి పులియడానికి 30 డిగ్రీల దగ్గర 8 నుంచి 12 గంటలు పడితే, తిరుపతి ఎండల్లో అందులో సగం చాలు. దానికి తోడు గ్రైండర్ రాయి వేడి పిండికి ఎక్కుతుంది. వేసవిలో ఐసు నీళ్లతో రుబ్బడం, రుబ్బే వేళను రాత్రికి జరపడం, ఉప్పు ముందే కలపడం పనిచేస్తాయి, ఎందుకంటే ఉప్పు పులుపును నెమ్మదింపజేస్తుంది. చలికాలంలో ఉప్పు పొంగాకే కలపాలి, గిన్నెను వెచ్చని మూలన పెట్టాలి. ఇవన్నీ చేసినా పొంగకపోతే మినప్పప్పు పాతదేమో చూడాలి. ఏడాది దాటిన పప్పు ఎంత రుబ్బినా బరువుగానే ఉంటుంది.

పిండి చెడ్డ మర్నాడు కంగారులో పప్పు కొట్టు మార్చి, కొలత మార్చి, రుబ్బే వేళ మార్చి, చిటికెడు సోడా కూడా వేస్తారు. ఇడ్లీ బాగా వస్తుంది. ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, ఆ సోడా మాత్రం ఏళ్ల తరబడి అలవాటుగా మిగిలిపోతుంది. ఒక రోజు ఒక్కటే మార్చాలి. మూడు రోజులు ఆలస్యమైనా సరే, ఆ తర్వాత కారణం చేతిలో ఉంటుంది.

మిగిలిపోయిన పిండి లెక్క వేరే. రోజుకు 2 కిలోలు మిగులుతోందని, కిలో ఖర్చు 60 రూపాయలని అనుకుంటే నెలకు 3,600. ఈ నష్టం పొయ్యి దగ్గర పుట్టదు, క్యాలెండర్ దగ్గర పుడుతుంది. శని, ఆదివారాలు, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ, వైకుంఠ ఏకాదశి రోజుల్లో చాలనిది మామూలు మంగళవారం మిగిలిపోతుంది. వారాన్ని బట్టి ఎంత నానబెట్టారో, ఎంత మిగిలిందో రెండు నెలలు గోడ క్యాలెండర్ మీదే రాస్తే చాలు.

బాకీల విషయంలో ఈ సూత్రం మరీ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. డబ్బు రాని రోజునే మనకు నొప్పి తెలుస్తుంది. నిజానికి ఆ బాకీ మునిగింది సరుకు దింపిన రోజున, సంతకం తీసుకోకుండా వచ్చేసినప్పుడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ సరుకు తయారుచేసి ఇచ్చినా, సేవ అందించినా, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, సరుకు ఇవ్వకముందే చేయించుకోవాలి. కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ వర్తించదు, ఉద్యమ్ నమోదు ఆ వ్యాపారులకు బ్యాంకు అప్పుల వరకే పనికొస్తుంది. చెక్కు తిరిగొస్తే ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందాక ఎదుటివాళ్లకు 15 రోజుల గడువు, అదీ దాటితే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. మొహమాటంతో ఈ తేదీలు దాటపెట్టుకున్నవాళ్లే ఎక్కువ. ‘ఇంకో వారం చూద్దాం’ అన్నది ఓర్పులా కనిపిస్తుంది. దానివల్ల చేతిలో ఉన్న హక్కు జారిపోతుంది.

బ్యాంకు అప్పు ఇవ్వనన్నప్పుడూ అంతే. ఒకచోట కాదంటే వెంటనే మరో నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టడం ధైర్యంగా అనిపిస్తుంది, కానీ ప్రతి దరఖాస్తూ మన అప్పుల చరిత్రకు ఇచ్చే క్రెడిట్ స్కోరును ఇంకొంచెం దించుతుంది. ముందు క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవాలి. సిబిల్ సహా ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడో బంధువుకు హామీ సంతకం పెట్టిన అప్పో, తీర్చేసినా మూసినట్టు నమోదు కాని బంగారు రుణమో అందులో కనబడవచ్చు. తప్పు ఉంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. వీధి వ్యాపారులకు 2020లో వచ్చిన పీఎం స్వనిధి రుణ పథకం నడిచేది కూడా మెట్ల మీదనే. మొదటి విడత మొదట్లో 10 వేలుండేది, ఇప్పుడు 15 వేలు. అది తీర్చినవాళ్లకే 25 వేలు, ఆపైన 50 వేలు. మొదటి మెట్టు మీద కట్టకుండా వదిలేసిన ఒక్క వాయిదా మూడో మెట్టు దగ్గర అడ్డం నిలుస్తుంది.

అయితే మన చేతిలో ఏ తప్పూ లేకుండా తగిలే దెబ్బలు కూడా ఉన్నాయి. వాటిని కూడా ‘పాఠం’ అని సరిపెట్టడం అన్యాయం. 2025లో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతు కాయను బాగానే పండించాడు. ముందటేడు గుజ్జు ఫ్యాక్టరీల్లోనే నిలవ ఉండిపోవడం, దిగుబడి విపరీతంగా రావడం కలిసి ధరను పడగొట్టాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. ఆ రైతుకు ‘ఇంకా కష్టపడు’ అని చెప్పడంలో అర్థం లేదు. ఇంకా కష్టపడితే ఇంకా కాయే వస్తుంది.

టమాటా రైతుకు ఇదే దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో 150 రూపాయలు దాటింది. ఆ ధర చూసి నాటిన నారు 60, 70 రోజులకు కోతకొచ్చేసరికి ధర నేలకు దిగింది. ధరను చూసి నాటిన పంట, అదే ధర చూసి నాటిన వేలమంది పంటతో కలిసే మార్కెట్‌కు వస్తుంది. పలమనేరు, వి.కోట వైపు ఎకరాన్ని మూడు భాగాలు చేసి 20 రోజుల తేడాతో నాటేవాళ్లకు ఏ ఒక్కసారీ గొప్ప ధర మొత్తం పంటకు దొరకదు, ఏ ఒక్కసారీ మొత్తం మునగదు. ఇలా సర్దుకుంటే మూడో ఏడూ సేద్యంలోనే ఉంటారు.

కలంకారీ కూడా అలాగే బతికింది. గుడి తెరలు, పెద్ద కథల వస్త్రాలు రాయించుకునేవాళ్లు కరువైన కాలంలో, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. తర్వాతి తరాలు అదే కలాన్ని చీరల మీదికి, దుపట్టాల మీదికి తెచ్చాయి. కరక్కాయ, పటిక, కసిమి మారలేదు. కొనేవాళ్లు మారారు. ఏది వదలకూడదో, ఏది వదిలేయాలో తేల్చుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైన పని.

తోతాపురి తోటలకు ఇప్పుడు ఆ ప్రశ్నే ఎదురవుతోంది. ఇరవై ఏళ్ల చెట్టును నరికి పారేయనక్కర్లేదు. కొమ్మలను మీటరు, మీటరున్నర ఎత్తులో కోసి, కోతకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే రెండు మూడు నెలల్లో చిగుళ్లు వస్తాయి. బయటి వైపుకు తిరిగిన నాలుగైదు బలమైన చిగుళ్లు ఉంచి, మిగతావి తీసేసి, వానాకాలంలో వేరే రకం అంటు కట్టవచ్చు. కాపు మూడో ఏటి దాకా రాదు. ఈలోగా అంటు కింద నుంచి తోతాపురి చిగురు పదేపదే వస్తూనే ఉంటుంది, గిల్లకపోతే అదే అంటును మింగేస్తుంది. కాబట్టి అయిదెకరాల తోటలో మొదటి ఏడు ఒక ఎకరానికే కత్తి పెట్టాలి. మిగిలిన నాలుగెకరాల తోతాపురి, ధర ఎంత తక్కువైనా, ఆ మూడేళ్ల ఇంటి ఖర్చుకు అక్కరకొస్తుంది.