మన పెరటి టమాటాకు ముహూర్తం పెట్టేది వాయుగుండం

టమాటా కిలో వంద దాటిన ప్రతిసారీ మనవాళ్ళకు ఉన్నట్టుండి పెరడు గుర్తొస్తుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లోనే రేటు మండిపోయినప్పుడు మా కావలిలో సందడి చూడాలి. విత్తనాల కొట్టు ముందు జనం, ఆన్‌లైన్‌లో గ్రో బ్యాగుల ఆర్డర్లు, బంధువుల వాట్సాప్ గ్రూపు నిండా మేడ మీద తొట్ల ఫోటోలు. జూలైలో గింజ వేశారు, ఆగస్టులో నారు నాటారు, సెప్టెంబరు ఉక్కకు తొలి పూత రాలింది. అక్టోబరులో నాలుగు పిందెలు నిలబడ్డాయని సంబరపడేలోపే ముసురు పట్టి మొక్కలు వేళ్ళతో సహా కుళ్ళిపోయాయి. బజారులో రేటు అప్పటికి ఎప్పుడో దిగివచ్చింది. ఇక అందరిదీ ఒకటే తీర్మానం: "మన నెల్లూరు జిల్లాలో టమాటా రాదు."

వస్తుందండీ, చక్కగా వస్తుంది. కాకపోతే రేటు చూసి విత్తితే రాదు, కార్తె చూసి విత్తాలి. ఈ మాట నేను చెబితే చాదస్తం అంటారు. అదే ఎవరో కుర్రాడు వీడియోలో ఫోను ముందు కూర్చుని నాలుగు ఇంగ్లీషు పేర్లు కలిపి ఏదో ఒక నెల చెబితే, ఆయన ఏ ఊరివాడో, అక్కడ వాన ఎప్పుడు పడుతుందో అడగకుండా నమ్మేస్తారు. నా కోపమంతా అక్కడే.

ఆ వీడియోల్లో చెప్పేది అబద్ధమని అనను. వాటిలో చాలావరకు చలి దేశాల పద్ధతికి తెలుగు మాటలు తొడిగినవి. అక్కడ వసంతం దాకా రాత్రిళ్ళు మంచు పడుతుంది, ఆ మంచుకు టమాటా మొక్క చచ్చిపోతుంది. అందుకని ఆఖరి మంచు పడే తేదీ ఎంతో అంచనా వేసుకుని, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇంట్లోనే గింజలు వేసి, ట్రే కింద వేడి పుట్టించే పరుపు, పైన దీపాలు పెట్టి నారు పెంచుతారు. వాళ్ళ వాతావరణానికి ఆ లెక్క సరైనదే. మా బంధువుల్లో ఒకాయన ఆ లెక్కను అక్షరం పొల్లుపోకుండా పాటించి, ఫిబ్రవరిలో దీపం కింద నారు పోసి, ఏప్రిల్‌లో దాన్ని ఒంగోలు ఎండలోకి తెచ్చాడు. ఏప్రిల్ మధ్యాహ్నం ఒంగోలు బస్టాండు బయట ఆటో కోసం నిలబడినవారికి ఆ నారు గతి ఏమైందో నేను చెప్పనక్కర్లేదు.

మన లెక్క ఇదీ. టమాటా గింజ మొలకెత్తడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి చాలు. అక్టోబరు నెలాఖరులో మన వంటింటి గట్టు మీద ఆ వేడి ఊరికే దొరుకుతుంది, దానికి వేడి పరుపులు అక్కర్లేదు. అసలు చిక్కు పూత దగ్గర. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి వేడి సరిగ్గా తగ్గకపోయినా పుప్పొడి దెబ్బతిని పూలు కాడతో సహా రాలిపోతాయి. మన కోస్తాలో రాత్రిళ్ళు ఆ మాత్రం చల్లబడేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. కాబట్టి జనవరిలో పూత రావాలి. దానికి డిసెంబరు మొదట్లో మొక్క నేలలో ఉండాలి. నారు వయసు 25, 30 రోజులు తీసేస్తే విత్తాల్సింది స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు చివరి వారం, నవంబరు మొదటి వారం.

సెప్టెంబరులోనే వేసి ఇంకా ముందు కాయించుకోవచ్చు కదా అంటారు. అక్కడే మన జిల్లా సంగతి మరిచిపోతున్నారు. రాష్ట్రమంతటా వానాకాలం అయిపోయాక మనకు అసలు వాన మొదలవుతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే పడుతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను వచ్చింది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెంటినీ తడిపి ముద్ద చేసింది. టమాటా వేరుకు గాలి ఆడాలి. మొక్క మొదలు దగ్గర నీళ్ళు ఒకటి రెండు రోజులు నిలిస్తే చాలు, పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టే వాడిపోతుంది. వాడింది కదా అని మళ్ళీ నీళ్ళు పోసేవాళ్ళను కూడా చూశాను.

అందుకే ట్రేలో నారు పెంచడం మనకూ అవసరమే, కానీ కారణం వేరు. వాళ్ళు మంచుకు భయపడి నారును లోపల పెడతారు, మనం వాయుగుండానికి భయపడి పెట్టాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పగానే ట్రే ఎత్తి వరండాలో పెట్టుకోవచ్చు. నాటిన మొక్కను ఎత్తలేం. డిసెంబరు వచ్చినా మబ్బు వదలకపోతే నారును కాస్త పెద్ద గ్లాసుల్లోకి మార్చి ఇంకో పది రోజులు ఆపండి, కొంపలేమీ మునగవు.

ఇక నారు పెంచడం. ఈ విద్య కోసం వీడియోలు వెతకడం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. కందుకూరు, కొండపి, కలిగిరి చుట్టుపక్కల పొగాకు పండించే ఊళ్ళలో నారుమడి సంగతులు తెలియని ఇల్లు ఉందా? పొగాకు, టమాటా ఒకే కుటుంబం మొక్కలు. పొగాకు గింజ ఆవగింజలో ఎన్నో వంతు ఉంటుంది, దాన్ని వానల్లో మొలిపించి బతికించే రైతుకు టమాటా గింజ ఒక లెక్కా! కందుకూరు దగ్గర మా మేనమామ ఒకే మాట అంటాడు: "నారుమడికి నీళ్ళు పోయడం అందరికీ వచ్చమ్మా, ఆపడం రావాలి."

ఆ మాట ఎంత నిజమో నారుకుళ్ళు చూసినవారికి తెలుస్తుంది. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక తెల్లారేసరికి పక్కకు ఒరిగి ఉంటుంది. వంగి చూస్తే ఆకులు పచ్చగానే ఉంటాయి, మట్టిని తాకే చోట మాత్రం కాడ నీరుకారినట్టయి దారమంత సన్నబడి ఉంటుంది. అది పురుగు కొట్టింది కాదు, చీమలు కొరికింది కాదు. తడి ఎక్కువై, గాలి ఆడక, నేలలోని బూజు చేసే పని. పొగాకు రైతులు దీనికోసమే ఎత్తు మడులు కడతారు, గింజ పలచగా చల్లుతారు, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పోస్తారు. ట్రేలో పెంచే మనకు అంత అక్కర్లేదు. అడుగున చిల్లులుండాలి, ఒక గుంటకు ఒకటి రెండు గింజలకు మించకూడదు, ట్రేలో నింపే మట్టి మిశ్రమంలో చిటికెడు ట్రైకోడెర్మా విరిడె (చెడ్డ బూజును అణిచే మంచి బూజు పొడి) కలిపితే చాలు. గింజను అర సెంటీమీటరు లోతున పెట్టండి. మరీ పైపైన పెడితే గింజ పెంకు ఊడక, మొలక దాన్ని టోపీలా తల మీద పెట్టుకుని ఆకులు విప్పుకోలేక అవస్థ పడుతుంది. గోటితో లాగకండి, ఆకే తెగివస్తుంది. వేలితో ఒక నీటి బొట్టు అంటించి నానబెడితే మెల్లగా దానంతట అదే జారుతుంది.

అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలక కనబడుతుంది. కనబడిన రోజునుంచే వెలుతురు కావాలి. వంటింట్లోనే మరిచిపోతే నారు కిటికీ వైపు సాగి సన్నబడిపోతుంది, అలాంటిది నాటినా బాగుపడదు. పొద్దుటి ఎండ పడే చోటికి మార్చండి. ఇంకో మాట, ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చేవారుంటే సబ్బుతో చేతులు కడగకుండా నారు ముట్టుకోనివ్వకండి. పొగాకును పట్టే మొజాయిక్ వైరస్ వేళ్ళ మీదుగా టమాటాకు అంటుతుంది. ఇది మూఢనమ్మకం కాదు, మా మేనమామ కూడా చుట్ట ఆర్పి, చేతులు కడుక్కునే మడిలోకి దిగుతాడు.

నర్సరీలో కొనే నారు గురించి అడుగుతారు. రకం పేరు ఉండదు. జానెడు గ్లాసులో మూరెడు మొక్క, దాని మీద అప్పుడే రెండు పూలు. జనం ఆ పూలు చూసే కొంటారు. ఇరుకు గ్లాసులో పూసేసిన మొక్క తరువాత సరిగ్గా పెరగదు, తెల్లదోమ మోసుకొచ్చిన ఆకుముడత వైరస్ దానితోపాటే మీ ఇంటికి వస్తే ఇక మందు లేదు. గింజ కొనండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళ అర్క రక్షక్ ఆకుముడతను తట్టుకునే రకం. అది హైబ్రిడ్, కాబట్టి దాని కాయల్లోని గింజ దాచుకుంటే మళ్ళీ అదే మొక్క రాదు. గింజ దాచుకోవాలంటే నాటు టమాటా గానీ పూసా రూబీ గానీ వేసుకోండి. అనుమానం వస్తే దర్శిలో, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, వెళ్ళి అడగండి.

నేల దగ్గరికి వస్తే నా కోపం రెట్టింపవుతుంది. ఈ రోజుల్లో మనకు పెరడు ఎక్కడుంది? ఇల్లు పూర్తయ్యాక మిగిలిన ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు, ఖాళీ రంగు డబ్బాలు వెనకాల గుంటలో పూడ్చి, పైన రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలి చదును చేస్తారు. దాన్ని పెరడు అని మనకు అప్పగిస్తారు. ఆ గ్రావెల్‌లో గుంట తీసి, గుప్పెడు వర్మీ కంపోస్టు వేసి, మొక్క పెట్టి, "మా చెయ్యి మంచిది కాదు" అని బాధపడతారు పాపం. మడి వేయదలచుకున్న మేరకైనా అడుగున్నర లోతు తవ్వించి ఆ చెత్త బయట పారేయించాలి. కొత్త మట్టి ఎక్కడినుంచి తెచ్చారన్నది ఇంకా ముఖ్యం. వేసవిలో చెరువు పూడిక మట్టి దొరికితే దాన్ని మించింది లేదు. కావలి దగ్గరి తుమ్మలపెంట తీరం వైపు ఇసుక నేలలకు అది ప్రాణం. పొగాకు చేను మట్టి మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. దానితోపాటు పొగాకు మల్లె గింజలు వస్తాయి. ఆ కలుపు టమాటా, వంగ వేళ్ళను కూడా పట్టుకుని పీలుస్తుంది, దాని గింజ మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది.

మే నెల ఎండను తిట్టుకుంటాం గానీ, దాన్ని వాడుకోవడం తెలియదు. మడిని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ పట్టా గట్టిగా కప్పి, అంచుల మీద మట్టి వేసి నెల, నెలన్నర వదిలేస్తే రోహిణి కార్తె ముగిసేసరికి కలుపు గింజలు, నులిపురుగులు చాలావరకు మాడిపోతాయి. తరువాత చినుకు పడగానే జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూతకొచ్చే వేళకు మడిలోనే కలియదున్నినట్టు తిరగేయండి. అక్టోబరుకల్లా మట్టి చేతికి తేలిగ్గా తగులుతుంది. పైన బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగును, చెదలను పిలిచి కూర్చోబెట్టినట్టే. ఒంగోలు గిత్త పుట్టిన గడ్డ మీద ఉండి, రంగు సంచిలో పేడ ఎరువును ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాం, ఇది ఎవరితో చెప్పుకోవాలి? మడి మాత్రం జానెడు ఎత్తున ఉండాలి. ఒంగోలు వైపు నల్లరేగడి అయితే ఇంకా ఎత్తు.

నాటేటప్పుడు సాయంత్రం నాటండి. కాడలో మూడో వంతు మట్టిలోకి పోయేలా లోతుగా పెడితే పూడ్చిన కాడ పొడవునా కొత్త వేళ్ళు పుడతాయి. సరుగుడు కట్టె ఊతం కట్టండి. మొక్క మొదలు చుట్టూ వరిగడ్డి పరవండి. చుట్టూ బంతి మొక్కలు పెడితే కాయతొలిచే పురుగు ముందు అటు పోతుంది. పిలకలు గిల్లిన రోజు వేళ్ళకు పచ్చటి జిగురు అంటుతుంది, సబ్బు రుద్దితే నురగ కూడా పసుపుపచ్చగా వస్తుంది, వాసన మాత్రం అన్నం తినేటప్పుడు కూడా పోదు. నాకు ఆ వాసన ఇష్టం. మా ఇంట్లో మిగతావాళ్ళకు కాదు.

కాయ అడుగున నల్లగా మచ్చపడి కుళ్ళుతోందని పురుగుమందు కొట్టేవాళ్ళకు ఒక దణ్ణం. అది పురుగు కాదు, తెగులూ కాదు. ఒక రోజు ముంచెత్తి, మూడు రోజులు ఎండబెడితే కాయకు కాల్షియం అందక వచ్చే జబ్బు. కోడిగుడ్డు పెంకులు మొక్క మొదలు దగ్గర పడేస్తే ఈ పంటకు అందదు, అవి కరిగేసరికి మీరు వచ్చే ఏడాది నారు పోస్తుంటారు. తీరం వైపు ఉప్పు బోరు నీళ్ళయితే ఈ జబ్బు ఇంకా ఎక్కువ. వాన నీళ్ళు డ్రమ్ములో పట్టుకుని కనీసం నారుకైనా అవి వాడండి.

చివరగా, "ఇంత చేసి ఏం మిగులుతుంది, బజారులో కిలో ముప్పై" అని మా పక్కింటి వదిన అడుగుతుంది. ఏమీ మిగలదు వదినా. ఫిబ్రవరిలో మన మొక్క కాసేటప్పుడు బజారులోనూ చౌకగానే ఉంటుంది. కానీ లారీ ఎక్కాల్సిన కాయను రంగు తిరుగుతుండగానే కోస్తారు, దారిలో చితకకుండా తోలు మందంగా ఉన్న రకాలే వేస్తారు. పెరట్లో కాయను పూర్తిగా ఎర్రబడేదాకా చెట్టుకే ఉంచుకోవచ్చు. దాంతో పచ్చడి నూరితే వదిన రెండో ముద్దకు మాట్లాడదు. (చేపల పులుసులో టమాటా వేసేవారితో నాకు వేరే గొడవ ఉంది, మామిడికాయ ఉండగా ఆ పాపం ఎందుకో. అది ఇంకో పోస్టు.)

గింజలు కావాలని చాలామంది అడుగుతున్నారు. నాటు టమాటా గింజలు నా దగ్గర ఉన్నాయి, దసరా వెళ్ళాక రండి, కాగితంలో కట్టి ఇస్తాను. ఫిబ్రవరిలో వచ్చి టమాటా గింజలు అడిగితే మాత్రం బెండ గింజలు, గోరుచిక్కుడు గింజలు చేతిలో పెట్టి పంపిస్తాను, ముందే చెబుతున్నాను.