అవును, తినడానికే వెళ్ళాం

ఇవాళ పాతపట్నంలో మా దగ్గర చుట్టాలింట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర మా పోర్చుగల్ ప్రయాణం సంగతి వచ్చింది. మగవాళ్ళంతా మా ఆయన చుట్టూ చేరి "ఎలా ఉంది బావా? ఏం తాగేరు? మాకేటి తెచ్చేరు?" అని ఒకటే హుషారు. నా దగ్గరికి వచ్చేసరికి మా పిన్నత్త బంతిలో అందరూ వింటుండగా "ఏటే, నువ్వూ తాగేవా?" అంది. దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిని అడిగినట్టు అడిగింది. సరిహద్దు దాటి ఒడిశాలోని మా పర్లాకిమిడి తిరిగొచ్చినా నా ఒళ్ళు మంట తగ్గలేదు.

తాగాను. ఆయన ఎంత తాగారో అంతే తాగాను. ఇద్దరి జీతాల్లోంచి దాచుకున్న డబ్బుతో వెళ్ళాం. కొడుకు దగ్గరికి అమెరికా వెళితే గొప్ప. దుబాయ్ వెళ్ళి బంగారం తెస్తే ఇంకా గొప్ప. అదే మొగుడూ పెళ్ళాం కలిసి ఒక ఊరి తిండి తిని, ఆ ఊరివాళ్ళు చేసుకునే వైన్ రుచి చూసొస్తే పరువు పోయినట్టు ఎందుకు చూస్తారు? పైగా ఆ పరువంతా ఆడదాని గ్లాసులోనే ఉంటుందా? మా ఆయన్ని అడిగిన వాళ్ళలో ఒక్కరి గొంతులోనైనా ఆ వెటకారం లేదే!

పోర్చుగల్‌లో డౌరో నది లోయలో మేం చూసింది తాగుబోతుల్ని కాదు, రైతుల్ని. నది రెండు వైపులా కొండలు, పలకల్లా విడిపోయే రాతి నేల. ఆ రాళ్ళనే పేర్చి గోడలు కట్టి, మెట్లుమెట్లుగా ద్రాక్ష వేశారు. ఎన్ని తరాల మనుషుల నడుములు విరిగితే అయ్యిందో ఆ పని! కల్తీలు ఎక్కువయ్యాయని 1756లోనే పొంబాల్ అనే మంత్రి ఆ వైన్ ప్రాంతానికి హద్దులు నిర్ణయించాడు, తర్వాత గ్రానైట్ రాళ్ళు పాతించారు. రంగు కోసం ఒకరకం పళ్ళ రసం కలుపుతున్నారని ఆ చెట్లనే పీకించేశాడు. 2001లో యునెస్కో ఆ కొండల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మేం వెళ్ళింది సెప్టెంబరులో, కోతల కాలం. ఒకచోట రాతి తొట్టెలో ఆడా మగా భుజాల మీద చేతులేసుకుని, వరసగా నిలబడి ద్రాక్ష తొక్కుతున్నారు. తొడల దాకా ఊదా రంగు. ఆ రసం సగం పులిశాక అందులో ద్రాక్ష సారా పోస్తారు. దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి మిగిలిపోతుంది. పోర్ట్ వైన్ అంటే అదే. రుచి చూపించే చోట చిన్న గ్లాసులో అడుగున కాస్త పోస్తారు, చాలామంది నోట్లో తిప్పి ఉమ్మేస్తారు కూడా. ఇదంతా చెబుదామని నోరు తెరిస్తే వినేవాళ్ళేరి?

తిండి సంగతి ఇంకా బాధ. పోర్టో నగరంలో కొట్టు ముందు నిలబడితే గుప్పుమని ఎండుచేపల వాసన. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేపలు, ఒక్కోటి పెద్ద చెక్క పలకంత గట్టిగా, ఒంటి మీద తెల్లటి ఉప్పు పొరతో వేలాడుతున్నాయి. బకల్యావ్ అంటారు. ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, అప్పుడు వండుతారు. పండగ రోజు బల్ల మీద గౌరవంగా వడ్డించే వంట అది. మా ఇంట్లో ఎండుచేపల పులుసు కాగుతుంటే వీధి గుమ్మం దగ్గరే ముక్కు మూసుకునే విశాఖపట్నం చుట్టాలు నాకు గుర్తొచ్చారు.

మొత్తం బంధువర్గంలో సరైన ప్రశ్న వేసింది మా అత్తయ్య ఒక్కరే. ఫోటో చూసి "అంత ఉప్పు చేప, ముక్క చెదిరిపోకుండా ఎలా నానబెడతారమ్మా?" అన్నారు. రాత్రి భోజనాలయ్యాక చాలాసేపు ఇద్దరం అదే మాట్లాడుకున్నాం.

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. పెళ్ళయిన కొత్తలో వైజాగ్‌లో ఒకావిడ "మీ ఒరిస్సా వాళ్ళు పొద్దున్నే చద్దన్నం తింటారట కదా" అని అందరి ముందూ నవ్వింది. ఆవిడ అమ్మమ్మ కుండలో తరవాణి పోసుకుని తాగలేదా? ఒడిశాలో మార్చి 20న పఖాళ దినం అని గర్వంగా చేసుకుంటారు. రాత్రంతా నాని పులిసిన అన్నం, పెరుగు, వేయించిన ఎండుమిర్చి. ఎండాకాలంలో దానికి మించింది నాకు పోర్చుగల్‌లోనూ దొరకలేదు. మన చద్దన్నం పులిస్తే బీదతనం, వాళ్ళ ద్రాక్ష పులిస్తే తప్పతాగడం! ఏం తిన్నా మీకు తప్పే అయితే మేం ఏం తినాలి?

ఇంకో మాట. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. ఈ గీత గీసింది మేం కాదు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన బడిపంతులుగా పనిచేసింది, సవర గిరిజనుల భాష నేర్చుకుని దాని కోసం కష్టపడింది మా పర్లాకిమిడిలోనే. ఆయన మాత్రం మీవాడు, మేం మాత్రం ఒరిస్సా వాళ్ళం!

ఆ సవర ఊళ్ళలో కల్లు తీసే జీలుగు చెట్టెక్కి గెల కోసి కుండ కట్టే మనిషి పనితనం డౌరో రైతుకి ఏం తక్కువ? తెల్లారి దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది. ఏ పూట ఎంత పులుపో చెట్టు కింద నిలబడి చెప్పగలడు. అక్కడ ఆ పని చేసేవాడిని చూడటానికి దేశదేశాల వాళ్ళూ టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. ఇక్కడ అతని పేరెత్తితే మనవాళ్ళు మొహం తిప్పుకుంటారు.

అత్తయ్యకి పాస్‌పోర్ట్ దరఖాస్తు పెడుతున్నాం. ఈసారి ముగ్గురం వెళతాం, ఆ చేప ఎలా నానబెడతారో ఆవిడే స్వయంగా అడిగి తెలుసుకుంటారు. పిన్నత్తా, ఈ పోస్టు ఎవరైనా నీకు చదివి వినిపిస్తే, జవాబు పైనే రాశాను. తాగాను.