ఒంటి రెక్క తలుపు, అలిగిన బతుకమ్మ

ఊళ్లో బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. మా యూనివర్సిటీలో మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ రోజుకో పేరుతో, రోజుకో ఫలహారంతో సద్దుల దాకా సాగేదాన్ని ఒక్క సర్క్యులర్‌తో మూడు గంటలకు కుదించేశారు. వాళ్లనీ అనలేం. సద్దుల నాటికి నగరమంతా ఊళ్లకు వెళ్లిపోతుంది. క్యాంపస్‌లో కుక్కలు, సెక్యూరిటీ వాళ్లు మిగులుతారు. అందుకని దసరా సెలవులకు ముందు చివరి పనిదినం ఏది పడితే ఆ రోజే మా పండుగ.

ఈసారి అది ఆరో రోజు పడింది.

ఆరో రోజుది అలిగిన బతుకమ్మ. అమ్మవారు అలిగి ఉంటుందని ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యమూ పెట్టరు. ఈ సంగతి సర్క్యులర్ టైపు చేసినాయనకు తెలియదేమో, కింద సంతకాలు పెట్టిన పెద్దలకూ తెలియదేమో. మా డిపార్ట్‌మెంట్ ఆయమ్మకు మాత్రం తెలుసు. నోటీసు బోర్డు దగ్గర చీపురు ఆపి, నాతో తారీకు రెండుసార్లు చదివించుకుని, "గా దినం ఎవ్వలు పేర్చరు సార్. అలిగినామెను ఎట్ల ఆడిపిస్తరు?" అంది.

హెచ్‌ఓడీ మేడం చెవిన వేశాం. "సర్క్యులర్ వచ్చేసింది కదా" అన్నారావిడ. సర్క్యులర్ వచ్చాక దేవతలు కూడా అలక మాని హాజరు వేయించుకోవాల్సిందే.

పైగా డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీ. పోయినేడు కెమిస్ట్రీ వాళ్లకు మొదటి బహుమతి వచ్చింది. "ల్యాబులో రంగులు ఊరికే దొరికితే ఎవరైనా గెలుస్తారు" అని మేడం ఏడాదిగా అంటూనే ఉన్నారు. 2014లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి బతుకమ్మకు స్టేడియాలు అలవాటయ్యాయి. 2016లో ఎల్బీ స్టేడియంలో 9 వేల మందికి పైగా ఆడవాళ్లు కలిసి ఆడి గిన్నిస్‌కెక్కారు. దాంతో పోలిస్తే మేడం కోరింది ఎంత? మనిషెత్తు బతుకమ్మ, అంతే.

మైదానంలో పేరిస్తే కెమిస్ట్రీ వాళ్లు చూసేస్తారు. కాబట్టి రెండో అంతస్తులోని సెమినార్ హాల్లో తలుపులేసుకుని రహస్యంగా పేర్చాలని తీర్మానమైంది.

తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి ఆటోలో బంతి, చామంతి దిగాయి. ఊరవతలి చేలగట్ల మీద నుంచి తంగేడు, గునుగు బైకు మీద వచ్చాయి. గునుగు పని చూడ్డానికి తేలిక. కాడలన్నీ ఒక్క కొలతకు కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, తెల్లటి కొసల్ని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఆ బాధ్యత రీసెర్చ్ స్కాలర్లం కనుక మాకు అప్పగించారు. గంటలో పువ్వుల కంటే మా చేతులకే రంగు బాగా పట్టింది. ఆ రోజు హాజరు పట్టీలో నా సంతకం పక్కన ఊదారంగు బొటనవేలు ముద్ర ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

పేర్చింది మాత్రం మేడమే. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు వరుస, దాని మీద గునుగు, ఆ పైన బంతి, మధ్య గుంటలో తరిగిన ఆకూ కాడా కూరుకుంటూ, పైకి పోయేకొద్దీ సన్నగా... చివర్లో కుర్చీ ఎక్కి గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మను నిలిపేసరికి ఒకటిన్నర. నిజం చెప్పాలంటే అంత అందమైన బతుకమ్మను నేను క్యాంపస్‌లో చూడలేదు. కెమిస్ట్రీ పని అయిపోయిందనుకున్నాం.

నలుగురం ఎత్తాం. తలుపు దాకా వచ్చాం. ఆగాం.

సెమినార్ హాలుకు రెండు రెక్కల తలుపు. మేం వాడేది ఒక రెక్కనే. రెండోదానికి ఏ వైస్ చాన్సలర్ హయాంలో గడియ పెట్టారో తెలియదు. ఆ తర్వాత గోడలకు రంగు వేసినప్పుడల్లా గడియకూ వేశారు. ఇప్పుడది తలుపులో భాగమైపోయింది. పొద్దున వంటవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చిన ఆ పెద్ద ఇత్తడి తాంబాలాన్ని నిలబెట్టి దొర్లించుకుంటూ లోపలికి తెచ్చారు. ఖాళీ తాంబాలానికి ఏ తలుపైనా తలుపే.

ఇక సలహాలు. ఫిజిక్స్ నుంచి చూడ్డానికి వచ్చిన కుర్రాడు "30 డిగ్రీలు వంచితే దాటుతుంది" అన్నాడు. మేకూ దారమూ లేకుండా పువ్వు మీద పువ్వు ఆనించిన దాన్ని! మేడం చూసిన చూపుకు అతనే 30 డిగ్రీలు వంగాడు. కిటికీ అన్నారొకరు, గ్రిల్ ఉంది. అటెండర్ అన్న సుత్తి తెచ్చి గడియను నాలుగు దెబ్బలు వేస్తే పిడి ఊడి చేతికొచ్చింది, గడియ మాత్రం కదల్లేదు. ఇంజినీరింగ్ సెక్షన్‌కు ఫోన్ చేస్తే "రాతపూర్వకంగా పెట్టండి" అన్నారు. పెట్టాం. "విషయం: సెమినార్ హాలు నుండి బతుకమ్మ బయటకు రాకపోవుట – గురించి." అత్యవసరం అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాం.

కింద మైకులో మా డిపార్ట్‌మెంట్ పేరు మూడోసారి పిలుస్తున్నారు. ఉయ్యాలో పాటలు మొదలైపోయాయి. మేం పైనుంచి గ్రిల్ పట్టుకుని చూస్తున్నాం.

అప్పుడొచ్చింది ఆయమ్మ. తలుపును చూసింది, బతుకమ్మను చూసింది. "నేను జెప్పలే, అలిగిందని" అంది. ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ తనే, "తల్లి రానంటే పిల్లనన్న తోల్కపోదాం పట్టుండ్రి" అని నేల మీద మిగిలిన పువ్వులు కొంగులోకి ఎత్తుకుంది. క్యాంటీన్ స్టీలు పళ్లెంలో, మేం అగ్గిపెట్టె వెతికి తెచ్చేలోపు, మూరెడు పిల్ల బతుకమ్మను పేర్చేసింది. నా ఊదారంగు గునుగు కూడా అందులో రెండు వరుసలు కుదిరింది.

దానికి ప్రోత్సాహక బహుమతి వచ్చింది. మొదటిది కెమిస్ట్రీకే. స్టీలు డబ్బాల సెట్టు ఆయమ్మ పట్టుకెళ్లింది. సర్టిఫికెట్ మేడం గదిలో ఉంది, మా డిపార్ట్‌మెంట్ పేరులో ఒక ఒత్తు లేకుండా.

పెద్ద బతుకమ్మ కోసం సాయంత్రం అందరూ పైకి వచ్చారు. ఆడదామంటే సెమినార్ హాలు బల్లలు నేలకు బిగించినవి. చుట్టూ తిరగడానికి చోటు లేదు. కెమిస్ట్రీ వాళ్లు బల్లలెక్కి సెల్ఫీలు దిగారు. చీకటి పడ్డాక వరుస వరుసగా విప్పి, బకెట్లతో మోసుకెళ్లి క్యాంపస్ చెరువులో వదిలాం. తాంబాలం మళ్లీ నిలబడి బయటకు వచ్చింది.

ఇంజినీరింగ్ సెక్షన్ జవాబు దీపావళి దాటాక అందింది. "సెమినార్ హాలు తలుపును పరిశీలించగా నిర్ణీత కొలతల ప్రకారమే ఉన్నట్లు తేలినది. తదుపరి చర్య నిమిత్తం బతుకమ్మ కొలతలను మూడు ప్రతులలో పంపగలరు."