నడుస్తున్న బండిని కెలకరాదు

ఈమధ్య మన సమాజంలో ఒక కొత్త జబ్బు వ్యాపిస్తోంది. బండి చక్కగా నడుస్తుండగానే దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడం దాని లక్షణం. మా ఇంట్లోకి ఇది మా బావమరిది ద్వారా ప్రవేశించింది.

మే నెలలో అందరం శ్రీశైలం వెళ్దామనుకున్నాం. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు. మా కారుకి 14 ఏళ్లు, మీటరు మీద 1,92,000. ఆ అంకె చూడగానే షుగరు రిపోర్టు చదివిన డాక్టరులా అయిపోయింది మావాడి ముఖం.

"బావా, బయల్దేరేముందు ఒకసారి రేడియేటర్ చూపించు. హోస్ పైపులు, మూత, వాటర్ పంపు, ఫ్యాను, బెల్టు. అసలు కూలెంట్ ఎప్పుడు మార్చావు?"

మార్చడమేమిటి? ప్రతి ఆదివారం నా చేత్తో ఒక చెంబు బోరు నీళ్లు పోస్తున్నాను. ఇంతకంటే తాజాగా ఎవరుంచగలరు? అదే చెప్పాను. "మరి వారం వారం పోసే నీళ్లు ఎటు పోతున్నాయి?" అన్నాడు. దాహమైనవాడికి నీళ్లిచ్చి లెక్క అడిగే సంస్కారం మా వంశంలో లేదు.

మా వంశంలో ఉన్నది ఒకే సూత్రం: నడుస్తున్న దాన్ని కెలకరాదు. మా నాన్నగారు దీన్ని స్కూటరుకీ, ఇంటి కప్పుకీ, తన బీపీకీ సమానంగా అమలు చేశారు. కప్పు ఇప్పటికీ కురుస్తోంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడానికి ఓర్పు కావాలి, అది అందరికీ ఉండదు.

బావమరిది వాదనలనూ పాఠకుల ముందుంచడం నా ధర్మం. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయట. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే అసలు సరుకు అదేనట) కలిపితే 107 దాకా ఆగుతాయట. అది మంచు దేశాలవాళ్లు రేడియేటర్ గడ్డకట్టకుండా పోసుకునేది కదా, శ్రీశైలం దారిలోని మన్ననూరులో ఎప్పుడైనా మంచు కురిసిందా అని నిలదీశాను. గడ్డకట్టకుండా ఆపేదే తొందరగా మరగనివ్వదు కూడానట, అందులో కలిపే మందులు తుప్పు పట్టనివ్వవట. ఒకే మందు చలికీ, వేడికీ, తుప్పుకీ పనిచేస్తుందంటే జాతర్లో తైలం అమ్మేవాడు గుర్తొచ్చాడు.

ఆ తర్వాత మూత. రేడియేటర్ మూత ఉత్త మూత కాదట, లోపల స్ప్రింగు, రబ్బరు ఉంటాయట. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అంత ఒత్తిడి వచ్చేదాకా ఆవిరిని వదలదు. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 120 దగ్గరికి వస్తే గానీ మరగవు. రబ్బరు ఎండిపోయిందంటే ఒత్తిడి నిలవదు.

ఇక్కడ మా ఆవిడ అనవసరంగా కలగజేసుకుంది. "కుక్కరే కదండీ! రబ్బరు సాగితే విజిల్ రాదు, పప్పు ఉడకదు. నేను ఏటా మారుస్తూనే ఉన్నాగా?" పద్నాలుగేళ్లుగా మన మూత మార్చలేదా అన్నట్టు నా వైపు చూసింది. కుక్కర్‌కూ కారుకూ పోలిక తెచ్చేవాళ్లతో వాదన పెట్టుకోకూడదు. ఎందుకంటే గెలవలేం.

థర్మోస్టాట్ సంగతి తేలిగ్గా తేలిపోయింది. అది ఇంజన్ 80 డిగ్రీలు దాటేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వదలని చిన్న తలుపు. నాలుగేళ్ల కిందట ఒక మెకానిక్, "మన ఎండలకు ఇదెందుకు సార్?" అంటూ పీకేశాడు. అప్పట్నుంచి చలికాలంలో ఇంజన్ వేడెక్కడానికే అరగంట పడుతోంది, మైలేజీ కూడా పడిపోయింది. అయితేనేం, లేని వస్తువు చెడిపోదు.

మరీ వేధిస్తుంటే బండిని మా వీధి మెకానిక్‌కి చూపించాను. పై హోస్‌ని వేళ్లతో నొక్కి, "పైపు మెత్తబడ్డదన్నా, క్లాంపు కాడ ఉబ్బింది" అన్నాడు. మూత తీస్తే లోపల మా గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొరే. మా కాలనీ బోరు ఎక్కడైనా ఒకే ముద్ర వేస్తుంది. రేడియేటర్ కడగడం, కూలెంట్, రెండు హోస్‌లు, మూత, బెల్టు, థర్మోస్టాట్ అన్నీ కలిపి 4,800 అన్నాడు.

ఆ వారమే 6,500 పెట్టి సీటు కవర్లు వేయించాం. ఇందులో తర్కం ఉంది. సీటు కవర్లు చూసి పక్కింటాయన "కొత్తవా?" అని అడిగాడు. హోస్ పైపు చూసి ఏ పక్కింటాయనైనా ఒక్క మాటంటాడా?

భద్రత విషయంలో మాత్రం రాజీ పడలేదు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద స్వస్తిక్, ముందు గ్రిల్ నిండా బారెడు బంతిపూల దండ. రేడియేటర్‌కి గాలి వెళ్లే దారి మూసేశారని బావమరిది గొణిగాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

తెల్లవారి నాలుగింటికి బయల్దేరాలనుకుని తొమ్మిదింటికి బయల్దేరాం. రాత్రి తొమ్మిది తర్వాత అడవి గేటు మూసేస్తారన్న భయం ఎలాగూ లేదు, మనం చేరేది మధ్యాహ్నం. ఏసీలో ఐదుగురం, డిక్కీలో పులిహోర. నల్లమలలో అడుగుపెట్టేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటింది. ఈగలపెంట దాటి కృష్ణలోకి దిగే ఘాట్‌లో మళ్లీ కిందికొచ్చింది. "చూశావా?" అన్నాను. దిగుడులో ఇంజన్‌కి పనేముంది బావా అన్నాడు. కొందరికి శుభవార్త రుచించదు.

డ్యామ్ దిగువన వంతెన దాటి ఆంధ్రాలో ఎక్కుడు మొదలుపెట్టాం. రెండో గేరు, ఇరవై స్పీడు, నలభై డిగ్రీల ఎండ. కొట్టించిన పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు ఈ నీళ్లే మోసుకెళ్లి బయట పారేయాలట. బండి నెమ్మదిగా పోతుంటే ఎదురుగాలి ఉండదు, భారమంతా ఆ ఫ్యాను మీదేనట. ముల్లు ఎర్ర గీత తాకింది. బావమరిది ఏసీ కట్టేసి హీటర్ పెట్టమన్నాడు, అది కూడా చిన్న రేడియేటరే, వేడిని లాగుతుందట. మే నెల మిట్టమధ్యాహ్నం హీటర్ వేసుకుని మల్లన్న దర్శనానికి వెళ్లిన కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది. మా అత్తగారు శివనామం అందుకున్నారు.

రెండు మలుపుల తర్వాత బానెట్ కింద టప్‌మని చప్పుడు. ఆవిరి. కూలెంట్ అయితే తియ్యటి వాసన వస్తుందట. మాది కల్తీ లేని బోరు నీళ్లు కాబట్టి తుప్పు వాసన మాత్రమే వచ్చింది.

అంతలో ముల్లు మెల్లగా కిందికి దిగింది. "తగ్గింది, నేనే నయం చేశాను" అని ఇంకో కిలోమీటరు లాగించాను. సెన్సర్‌ని తడపడానికి లోపల నీళ్లు మిగిలుంటేనే కదా ముల్లు నిజం చెప్పేదని తర్వాత తెలిసింది. బావమరిది అప్పుడే అరిచాడు గానీ, అరిచేవాళ్ల మాట వినడం మా సూత్రంలో లేదు.

కానీ బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడితే కలిగే వైభవం గురించి చెప్పి తీరాలి. పది నిమిషాల్లో పదకొండు మంది చేరారు. రాష్ట్రం విడిపోయినా బానెట్ దగ్గర తెలుగువాళ్లంతా ఒక్కటే. ఒకాయన తువ్వాలు చుట్టుకుని మూత తిప్పబోయాడు, బావమరిది ఆయన చెయ్యి పట్టుకుని లాగకపోతే మరిగే నీళ్లు ముఖాన చిమ్మేవి. ఇంకొకాయన ఇంజన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించమన్నాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే బీటలిస్తుందని మూడో ఆయన ఖండించాడు. నాలుగో ఆయన మా కారుకి ధర కట్టాడు. టైరు వెనక రాయి పెట్టిన కుర్రాడు ఒక్కడే ఏమీ మాట్లాడలేదు, పని జరిగింది కూడా అతనివల్లే. పులిహోర కోతులు తీసుకెళ్లాయి. ముందే 4,800 పెట్టి ఉంటే ఈ పరిచయాలన్నీ ఎక్కడివి?

దర్శనం ఆటోలో వెళ్లి చేసుకున్నాం. బండి మాత్రం లారీ ఎక్కి హైదరాబాద్ వచ్చింది, దాని మొత్తం జీవితంలో అంత సుఖంగా ప్రయాణించింది అప్పుడే.

మెకానిక్ ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్ స్టిక్, తీసి చూపించాడు. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది. ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, అల్యూమినియం, వేడికి వంకర తిరిగింది, దాని కింద సందు మూసే గాస్కెట్ పోయింది, నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయి. హెడ్డుని లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించి చదును చేయించాలి. మొత్తం 38,000, లారీ ఖర్చు వేరే.

వారం తర్వాత బండి తెచ్చుకోవడానికి వెళ్లాను. కొత్త హోస్‌లు, కొత్త మూత, ఆకుపచ్చ కూలెంట్. కూలెంట్ ట్యాంకు మీద ఉన్న రెండు గీతల మధ్య నిలిచిందో లేదో అప్పుడప్పుడు పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోమన్నాడు, రెండేళ్లకోసారి మార్పించుకోమన్నాడు. సరేనని డబ్బులిచ్చాను. చిరిగిన పాత పైపు చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపాను.

"అది పారెయ్యకు తమ్మీ, డిక్కీలో పెట్టు. ఎప్పుడన్నా అవసరం పడుతుంది."